సున్నా వేరు, ఖాళీ వేరు

మొదట గీసిన బొమ్మ
పుట్టినరోజు కేకులా ఉంది.
తొమ్మిది ముక్కలు, తొమ్మిది రంగులు,
కింద నీడ, పక్కన మందం.
ఏ రంగు ఏ లోయదో చెప్పే పట్టిక మాత్రం
కాగితం అవతలి ఒడ్డున.

మొఖోత్లాంగ్ జిల్లా ఆరోగ్య కార్యాలయంలో
లెక్కలు రాసేవాణ్ణి నేను.
ఏ క్లినిక్‌లో నెలకెన్ని పురుళ్ళు పోశారో
గుర్రాల మీద దిగివచ్చే రిజిస్టర్లు
నా బల్ల మీద ఆరబెట్టుకుని ఎక్కిస్తాను.

ఎగువ క్లినిక్ నర్సు మామ్ఫో
తడిసిన ఉన్ని దుప్పటి విప్పకుండానే
తెర మీదికి వంగింది.
"ఇందులో నా పదిహేడుమంది తల్లులు ఎక్కడ?"
వెతికాను.
గీసినవాణ్ణి, నాకే దొరకలేదు.

ఆ రాత్రి చెరపడం మొదలుపెట్టాను.
నీడ తీసేశాను. మందం తీసేశాను.
కేకునే తీసేసి గీతలు పరిచాను, నెల పక్కన నెల.
వెనక గళ్ళు కిటికీ ఊచల్లా అడ్డొస్తే
ఒక్కొక్కటే పీకేశాను.
ఎనిమిది లోయల్ని బూడిదరంగులో నిలబెట్టి
ఆమె లోయకి ఎరుపు ఇచ్చాను.
పేరు గీత చివరే రాశాను,
పిలిస్తే పలికేంత దగ్గరగా.

"నిలువు కొలత పన్నెండు నించి మొదలుపెట్టు,
ఎదుగుదల బాగా కనబడుతుంది" అన్నాడు
మసేరు నించి వచ్చిన అధికారి. మంచివాడే.
గోరంతని కొండంత చేయడానికి
మాకిక్కడ కొండలు తక్కువా?
సున్నా నించే మొదలుపెట్టాను.
గీత కొంచెమే లేచింది.
లేచింది అంతే మరి.

పొద్దున మామ్ఫో వేలు
జూలై మీద ఆగింది.
జూన్ చుక్కనీ ఆగస్టు చుక్కనీ
యంత్రం తనంతట తానే కలిపేసింది,
నున్నగా, ఏమీ జరగనట్టు.
"ఈ నెల నేను పైన లేను.
కనుమ మూసుకుపోయింది. ఇరవై ఆరు రోజుల మంచు."
సున్నా వెయ్యనా అన్నాను.
"సున్నా అంటే ఎవరూ పుట్టలేదని.
పుట్టారు.
రాసే చెయ్యి లేదు."

గీతని తెంపాను.

చాలాసేపు ఆ ఖాళీలోకే చూసి
నా పెన్సిలు అడిగింది.
"నలుగురి సంగతి తర్వాత తెలిసింది నాకు.
మిగతావాళ్ళని కొండనడగాలి."
నాలుగు దగ్గర ఒక బోలు సున్నం చుట్టింది,
దేనికీ కలపకుండా.
పన్నెండు నించి మొదలుపెట్టి ఉంటే
ఆ నలుగురికి
కాగితం మీద చోటే ఉండేది కాదు.

సమావేశంలో ఎర్ర గీత వెంట
ఎవరి చూపూ చివరిదాకా నడవలేదు.
అందరూ తెగినచోటే ఆగారు.
లోయ పెద్ద లెట్లాత్సా
గడ్డి టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.
"ఆ మధ్యలో ఏమైంది?" అడిగాడు మసేరు అధికారి.

మామ్ఫో లేచి నిలబడింది.
నేను ప్రొజెక్టరు ఆపేశాను.