ముందు సైరన్ కొట్టాలి

చీమకుర్తి దాటి రామతీర్థం వైపు ఆటో తిరిగితే
రోడ్డుకి రెండు పక్కలా కొండలు తలకిందులుగా ఉంటాయి.
అంటే గుంతలు. లోతెంతో
మా పిల్లల్ని అడగండి, తాటిచెట్లలో కొలిచి చెబుతారు.

రెండో తరగతిలో పదకొండు మంది.
పొద్దున బల్లలు తుడిస్తే మధ్యాహ్నానికి
వేలితో అక్షరాలు దిద్దుకునేంత దుమ్ము.
ఒకందుకు మంచిదే. పలకలు అందరికీ లేవు.

బుధవారం, చదివి అర్థం చేసుకునే పాఠం.
"అడవిలో ఒక కుందేలు ఉంది.
అది గడ్డి మేస్తోంది.
ఆకాశంలో ఉరుము ఉరిమింది.
కుందేలు భయపడి పొదలో దూరింది."
కింద మూడు ప్రశ్నలు.

మాల్యాద్రి వేలు పెట్టి చదువుతాడు,
వేలు ఆగితే గొంతు ఆగుతుంది.
కుం... దే... లు... అని మూడు మెట్లు దిగి
అడుగున కుందేలు కనపడగానే నవ్వుతాడు.
అర్థం కావడమంటే నాకు ఆ నవ్వే.
ఆఫీసువాళ్ళు మాత్రం దానికి గడులున్న కాగితం పంపారు.

సుకాంత్ వాళ్ళది ఒడిశా,
నాన్న పాలిషింగు ఫ్యాక్టరీలో.
వాడికి తెలుగులో మొదట వచ్చిన మాట "జరుగు".
రెండోది "అన్నం".
మూడోది నేను నేర్పాననుకున్నాను:
సుద్దముక్క చేతికిచ్చి "రాయి" అన్నాను.
వాడు పరుగున బయటికెళ్ళి
గుప్పెడంత నల్లరాయి తెచ్చి నా బల్లమీద పెట్టాడు.
ఎండ తగిలి అందులో బంగారు చుక్కలు.
తప్పు నాది. ఆ మాటకు రెండు తలుపులున్నాయని
లోపలికి పిలిచేముందు చెప్పలేదు.
కాగితాలు ఎగరకుండా ఆ రాయే ఇప్పటికీ.

ఇక మూడో ప్రశ్న: కుందేలు ఎందుకు భయపడింది?
జవాబు నా పుస్తకంలో ఉంది, ఉరుము ఉరిమినందువల్ల.
ఎనిమిది మంది అదే రాశారు, ఒకరిది చూసి ఒకరు.
"ఉరుము" అందరికీ ఒకే చోట తప్పింది కాబట్టి తెలిసింది.

కెజియా ఒక్కతే
నోట్సును మోచేత్తో మూసుకుని రాసింది:
"ముందు సైరను కొట్టలేదు అందుకని బయపడింది".

ఎర్రపెన్ను గీత కొట్టబోయి ఆగింది.
"కెజియా, పాఠంలో సైరన్ ఉందా?"
"లేదు టీచర్. నేను రాసింది అదే గదా."

"క్వారీలో అయితే ముందు కొడతారు.
అందరం దూరంగా పోతాం, చెవులు మూసుకుంటాం,
అప్పుడు పేలిద్ది. అప్పుడు బయం ఉండదు.
కుందేలుకి ఎవురు చెప్తారు టీచర్?"

కుర్చీలో కూర్చున్నాను.
పద్నాలుగేళ్ళుగా అడుగుతున్న ప్రశ్న,
ఒక్కసారన్నా ఆ గడ్డిలో నిలబడి అడగలేదు.
"బ" కింద ఒత్తు మాత్రం పెట్టి
మార్కు వేశాను.
గడుల కాగితంలో దానికి గడి లేదు,
అంచున రాశాను, కొంచెం వంకరగా.

మర్నాటి నుంచి మాకో పద్ధతి.
పేరాలో గట్టి మాట దగ్గరికొస్తుంటే
ముందు సైరన్ కొట్టాలి.
ఆ పని సుకాంత్‌ది. ఊ... అని వాడి కూతకు
ఏ భాషా అక్కర్లేదు.

"ఆశ్చర్యం" వచ్చిన రోజు
వాడు ఊపిరి అయిపోయేదాకా కూశాడు.
మాల్యాద్రి బల్ల కింద దూరాడు.
ఆ... శ్చ... ర్యం.
కాసేపు ఎవరూ కదల్లేదు.
దుమ్ము సర్దుకున్నాక ఒక్కొక్కరే
నల్లబల్ల దగ్గరికెళ్ళి తొంగి చూశారు.
"చ నేమో శ కింద ఇరుక్కుంది," అన్నాడొకడు.
"ఇది నోరు తెరుచుకునే మాట," అంది కెజియా,
అని, తెరుచుకునే ఉంది.

పన్నెండున్నరకి నిజం సైరన్.
అందరం చెవులు మూసుకున్నాం.
కిటికీ ఊచలు మోగాయి,
కాగితాల మీది నల్లరాయి
వెంట్రుకవాసి జరిగింది.
"టీచర్," అన్నాడు సుకాంత్
నా బల్లకేసో నల్లబల్లకేసో వేలు చూపించి,
"రాయి."

ఏ రాయో అడగలేదు.
సుద్దముక్క వెతుక్కున్నాను.