ఒండ్రు

రావులపాలెం దాటాక మొదలైంది,
చెవిలో దోమ దూరినట్టు.
అరవైలో కూత. ఎనభైలో శోకం.

పక్కసీట్లో మస్తాన్‌వలీ కళ్లు మూసుకున్నాడు.
“పాట కట్టేయండి. ఏసీ కూడా.
న్యూట్రల్లో వదలండి... ఆయ్, ఇంజను కాదండి.”

కాలవగట్టు మలుపులో
ఎడమకి తిప్పితే పెరిగింది,
కుడికి తిప్పితే గుటక మింగింది.
“కుడి ముందు బేరింగు.
ఏటినీళ్లలో దింపారా అమ్మా?”

దింపాను.
వరదప్పుడు, కాజ్‌వే మీద, ఒట్టి మొండితనంతో.
ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

అంబాజీపేట షెడ్డులో
నాలుగు సుత్తిదెబ్బలకి ఊడొచ్చింది.
గ్రీజుండాల్సిన చోట గోదారి ఒండ్రు.
ఏమీ అనకుండా తుడిచి
నా చేతిలో పెట్టాడు, ఇంకా వెచ్చగా.

తిరుగుదారిలో చప్పుడు లేదు.
కొత్తపేట దగ్గర మాత్రం
డాష్‌బోర్డు కింద
సన్నగా, ఇంకేదో.