తడి పొగ

ఎంబూర్ మోటార్ల గోడౌను వెనక
నూనె పీపాల్లో నీళ్ళు పోసి
ఒక్కో పీపాకి ఒక్కో మోటారు తగిలించారు.
కుడితి తాగే గొడ్లలా
తలలు వంచుకుని నిలబడి ఉన్నాయవి.

నాకు మొదట్నుంచీ నీలం దాని మీదే కన్ను.
పదిహేను గుర్రాల బలం, కొత్త రంగు,
మూత మీద అతికించిన మెరుపు గీత.
మసాంబ దాని వీపు తట్టాడు:
"స్పెయిన్ నుంచి దిగింది. సరస్సులో తిరిగిందే తప్ప
ఉప్పునీళ్ళ మొహం ఎరగదు."
అమ్మేవాడి నోట్లో ఏ సముద్రమైనా సరస్సే.

మెకానిక్ ఎతియెన్ వంగి
ఫ్యాను రెక్కల అంచులు వేలితో తడిమాడు.
గేరు పెట్టె మర వదులు చేసి
ఒక చుక్క ఆయిలు బొటనవేలికి రాసుకున్నాడు.
"పాలు కలవలేదు. నల్లగానే ఉంది."
ప్లగ్గులు ఊడదీసి, గేజీ బిగించి, తాడు లాగాడు.
పైగదిలో నూట పది, కిందగదిలో నూట ఐదు.
"అన్నదమ్ములు కలిసే ఉన్నారు" అన్నాడు.

అప్పటికే నేను మనసులో
ఫాజూత్ వంతెన దాటి, మడ చెట్ల పాయ దాటి
బయటి కెరటం మీద ఎగిరిపోతున్నాను.

డబ్బు మాత్రం తెనింగ్ అత్తది.
నాలుగు లక్షల ఎనభై వేల ఫ్రాంకులు.
గుడ్డలో చుట్టి నడుముకి కట్టుకుని
బస్సులో కిటికీ వైపు కూడా కూర్చోలేదు.
ప్రతి నోటుకీ యబోయ్ చేపల వాసన.
ముప్పయ్యేళ్ళు జోవాల్ ఒడ్డున
కాల్చి, తోలు ఒలిచి, ఉప్పు జల్లి, ఎండబెట్టి
కూడేసిన డబ్బు.
పడవ నాది, మోటారు ఆవిడది,
పట్టిన చేపలో మూడో వంతు ఆవిడ పొయ్యికి.
అదీ ఒప్పందం.

ఇంతసేపూ స్టూలు మీద విసురుకుంటూ కూర్చున్నదల్లా
ఇంజను అంటుకోగానే లేచింది.
చెవి పెట్టలేదు. చెయ్యి పెట్టలేదు.
గాలివాటం చూసుకుని నిలబడి
పొగని మొహం మీదికి రానిచ్చింది.

"పెట్రోలు దండగ, అమ్మా" అన్నాడు మసాంబ.
"దాని డబ్బు నేనిస్తా. తిరగనీ."

ఐదు నిమిషాలు. పది.
నీలి పొగ పలచబడాల్సింది పోయి
తెల్లబడింది.

"పీపాలో నీళ్ళు వేడెక్కాయి, ఆ ఆవిరే."
"ఆవిరి నాకు తెలుసులే నాయనా.
ఇది పచ్చి కట్టె పొగ.
లోపలెక్కడో తడి ఉంది.
చల్లగా ఉన్నంతసేపు నోరు మూసుకుంటుంది,
వేడెక్కితే కక్కుతుంది."

ఎతియెన్ ఏదో అనబోయి, మానేసి,
మళ్ళీ ప్లగ్గు ఊడదీశాడు.
మొన మీద ఆవగింజంత నీటిబొట్టు.
మోగని ఫోను చెవికి పెట్టుకుని
మసాంబ అటు నడిచాడు.

మేం కొన్నది మూలన ఉన్నదాన్ని.
మూతకి సైకిలు ట్యూబు కట్టు,
కింది రెక్క సగం విరిగి, రంగన్నది లేదు.
దాని పొగ నీలంగా మొదలై, సన్నబడి,
చివరికి గాలి వణుకొక్కటే మిగిలింది.
"ఎండు కట్టె" అంది అత్త.
నాలుగు లక్షల పది వేలు.
మిగిలింది మళ్ళీ నడుముకి.

నీలం దాన్ని ఆ వారమే
కయార్ కుర్రాడెవడో కొన్నాడట.
మాకు తెలుసు, మేం ఎవరికీ చెప్పలేదు.
కెరటం ఎత్తుగా ఉన్న రోజుల్లో
ఆ ఆవగింజ నా కంట్లో పడుతుంది.

మొదటి రోజే తాడు తెగి చేతికొచ్చింది.
ఒడ్డున నవ్వని వాడు లేడు.
ఇప్పటికి మూడు సీజన్లు.
పక్క కన్నంలోంచి నీటి ధార
ఇంకా పసివాడు పోసినట్టు పోస్తూనే ఉంది.

సాయంత్రాలు అత్త పొయ్యి దగ్గర లేచి నిలబడి
బుట్టల కేసి చూడదు,
నా వెనక చూస్తుంది.
నిన్న నేనింకా కెరటం దాటకముందే
మోకాలి లోతు నీళ్ళలో
పనిముట్ల సంచీ నెత్తిన పెట్టుకుని
ఎతియెన్ నిలబడి ఉన్నాడు.