అరువు వెన్ను

తోతాపురి సీజను మొదలైన మూడోరోజు
బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీలో
దొరసామి ఒంటికి ఇంకో వెన్నెముక తొడిగినారు.

నల్లటి పట్టీలు, తొడలకు రెండు రేకులు,
నడుం కాడ స్ప్రింగు.
స్టిక్కరు కూడా ఇంకా పీకలేదు.
వంగితే అది బిగుసుకుంటాది,
లేస్తావుంటే ఎనకనుంచి ఎవురో
"లెయ్ నాయనా" అన్నట్టు నెడతాది.

ఇరవైరెండేండ్లుగా క్రేట్లు మోసినోడు
మొదటిసారి మూలగకుండా నిలబడి
నవ్వాలో వద్దో తెలీక నా తట్టు చూసినాడు.

సూపర్‌వైజరు వాచీ చూసుకున్నాడు.
నొప్పి తగ్గింది కదా అని
గంటకు నూటిరవై క్రేట్లు నూటయాభై అయినాయి.
లెక్క మటుకు స్ప్రింగు లేకుండానే లేస్తాది.

నేను టెంకలు తీసే బల్ల కాడ,
పొద్దుట్నుంచి నిలబడే ఉండా.
మోకాళ్లకేమన్నా వస్తాదా అంటే
"ఆడోళ్ల సైజు రాలేదు కుప్పమ్మక్కా" అన్నారు.

షిఫ్టు దిగినాక
చెమట ఉప్పు చారలతో ఆ వెన్ను
చిలక్కొయ్యకు వేలాడతా ఉంది,
రేపు ఇంకొకరి కొలతకు పట్టీలు వదులు చేసి.
దొరసామి చెప్పులేసుకోను వంగి
ఒక్క నిమిషం అట్నే ఆగినాడు,
ఎనకనుంచి నెట్టేదాని కోసం.

నేను పోయి చెయ్యి పెట్టినా.
అరచేతికి ఇంకా టెంక పీచు
అంటుకొనే ఉంది.