ట్రేలో పెట్టినవి

కేజీహెచ్‌లో చెవుల గది గోడలకి
కోడిగుడ్ల అట్టల్లాంటి స్పాంజి అంటించారు.
తలుపు మూస్తే లోపల ఊరు లేదు.
"జేబులో గలగలలాడేవన్నీ ఇందులో పెట్టండి తాతగారూ"
అన్నాయి ఆ పిల్ల పెదాలు.
తెల్ల ప్లాస్టిక్ ట్రే.
బొడ్డేటి దుర్గాసిని ఒక్కో ముక్కా తీసి అందులో పెట్టాను.

తాళాల గుత్తి. దాని రింగు రింగు కాదు, ఇత్తడి వాషరు,
ఒక పాత బార్జి కడుపులో దొరికింది.
మూడు తాళంచెవులు. ఒకదానికి తలుపు లేదు,
ఆ క్వార్టరు కూల్చేశారు.
పొగాకు డబ్బీ, మూత మీద సొట్ట,
సొట్టలో నా బొటనవేలు తప్ప ఇంకెవరిదీ ఇమడదు.
గేటుపాసు. ఫోటోలో మొహం చెమటకి కరిగిపోయింది,
మీసం మాత్రం ఇంకా డ్యూటీలో ఉంది.
అడుగున ఒక నారింజరంగు ఇయర్‌ప్లగ్గు.
ఒక్కటే. రెండోది మా చిన్నది
బొమ్మకి టోపీ పెట్టేసింది, ముప్పై ఏళ్ళయింది.

"వాడేవారా?" అని చేత్తో అడిగింది పిల్ల.
వాడితే వెల్డరు గౌరీశు "తప్పుకోరా" అన్న కేక
ఏ చెవితో వినాలి?
పాత లుంగీ పీలికలు కుక్కుకున్నానమ్మా, అన్నాను.
గట్టిగా అన్నానేమో, ఉలిక్కిపడింది.

కూత వినబడితే బటన్ నొక్కాలట.
ఆ కూతలు ఏ నోటివీ కావు, ఏ వీధివీ కావు.
నాకు తెలిసింది షిప్‌యార్డు కూత.
అది లేస్తే మల్కాపురమంతా
ఒక్కసారే చెప్పుల్లో కాళ్ళు దూర్చేది,
పాలపొంగు మీద నీళ్ళు చిలకరించేది.
రాత్రి ఇనపరాయి బండి వెళ్తుంటే
వ్యాగన్లు లెక్కపెట్టనిదే నాకు కునుకు రాదు.
నలభై ఒకటి, నలభై రెండు...
ఆ స్పాంజి చీకట్లో నా బండి నేను తోలుకుంటూ
ఏ కూతా లేనిచోట
బటన్ నొక్కుతూ కూర్చున్నాను.

కాగితం మీద గీత చూపించింది.
కొంత దూరం చదునుగా నడిచి
డాల్ఫిన్స్‌నోస్ కొండలాగ
ఉన్నట్టుండి సముద్రంలోకి దిగిపోయింది.
"సన్నటి శబ్దాలు పోయాయి. లావువి ఉన్నాయి."
ఆమె రాసిచ్చింది, నేను చదువుకున్నాను.

సన్నటివంటే ఏటి?
గాజులు. పోపులో ఆవాలు. పెరట్లో పిట్ట.
స, శ, ష.
మా ఆవిడ శేషవేణి.
ఆమె చెల్లెలు గుమ్మంలోంచి పిలిస్తే
నాకు చేరేది "ఏ... వేణి".
ఏ వేణి? నలభై ఏళ్ళ కాపురం చేసి
ఏ వేణి అని అడగవలసి వచ్చింది.
నా పేరుకేం, గునపం దింపినట్టుంటుంది,
ఎవడు అరిచినా దిగుతుంది.

ట్రేలో వస్తువులు తిరిగి జేబులోకి వచ్చాయి.
గుత్తి కింద పడిందట.
బస్టాపు దాకా పరిగెత్తుకొచ్చి ఆ పిల్లే ఇచ్చింది.

ఇంటికొచ్చి కాగితం ఇస్తే శేషవేణి చదవలేదు.
నన్ను గోడవైపు తిరిగి నిలబడమంది.
వెనకాల ఏదో చేసింది. ఏమీ లేదు.
మళ్ళీ ఏదో. ఏమీ లేదు.
తర్వాత గచ్చు నా అరికాళ్ళలో దడదడమంది,
మడమలు తడిశాయి.
తిరిగి చూస్తే ఒక చెంచా, ఒక గిన్నె,
దొర్లుతున్న నీళ్ళబిందె.

"ఇదంతా ఎవుడు తుడుస్తాడే?" అన్నాను.

నవ్వింది.
ఆమె నవ్వు మొదట్నించీ సన్నదే.
చూశాను.