తలుపు తట్టే పద్ధతి

మా సంఘానికి ఒక మినిట్స్ పుస్తకం ఉంది.
నీలం అట్ట, మూల నలిగింది,
మూడో పేజీ మీద ఎవరిదో కాఫీ కప్పు గుండ్రం.
కార్యదర్శిని నేను. రెండో ఏడు క్యాడెట్‌ని.
నవంబరు నెల, రెండో శనివారం కింద
రాసింది ఇంతే:
"డబ్బాలు సేకరించాం. రెండు వందల పదహారు. చలి."

రాయనిది చెబుతాను.

డులూత్‌లో వీధులన్నీ
సరస్సులోకి జారిపోవాలని చూస్తాయి.
ఆ ఏటవాలు మీద బూట్లు తళతళలాడించుకుంటూ
ఇద్దరిద్దరుగా ఎక్కాం.
యూనిఫాంలో వెళ్తే జనం కాదనరన్న ఆలోచన
మా కమాండర్ ఆన్సెల్‌ది.
కొత్తగా ఎన్నికయ్యాడు.
గొంతు ఇంకా ఇస్త్రీ మడత విప్పలేదు.

చాలా ఇళ్లలో కాదనలేదు.
బీన్సు ఇచ్చారు, మొక్కజొన్న ఇచ్చారు,
ఒక పిల్లాడు తనకి గిట్టని బఠాణీలన్నీ
దేశం కోసం త్యాగం చేశాడు.

పదిహేడో ఇల్లు. పచ్చ తలుపు.
నేనూ రోవీనా.
టోపీలు చంకలో, వెన్ను నిటారుగా,
నేర్పినట్టే మూడుసార్లు తట్టాం.

కర్టెన్ కదిలింది.
తర్వాత చాలాసేపు ఏమీ కదల్లేదు.

తలుపు తీసిన ఆవిడ మా మొహాలు చూడలేదు.
గుండీలు చూసింది. బూట్లు చూసింది.
చేతిలో సగం చెక్కిన బంగాళాదుంప,
తొక్క ఇంకా వేలాడుతూ.
వెనక గోడ మీద రెండు ఫొటోలు,
ఇద్దరూ మా వయసు వాళ్లే.

"ఇద్దరిలో ఎవడు?" అంది.

గుడ్ మార్నింగ్ మేడమ్, మేం కాలేజీ నుంచి,
అని బట్టీపట్టిన వాక్యం
నా నాలుక మీదే గడ్డకట్టింది.
రోవీనాయే ముందు తేరుకుంది.
టోపీ మెట్ల మీద పడేసి
ఆవిడ మోచేయి పట్టుకుని
"డబ్బాలు" అంది, "డబ్బాల కోసం,
డబ్బాల కోసమే వచ్చాం, అంతే, డబ్బాలు."

ఆవిడ గడప మీదే కూలబడింది.
బంగాళాదుంప మూడు మెట్లు దిగి
వీధిలో పడి, సరస్సు వైపు దొర్లింది.
ఎవరం ఆపలేదు.
మేమూ పక్కనే కూర్చున్నాం.
ప్యాంటు మడతలు పోయాయి.

కాసేపటికి లేచి లోపలికెళ్లి
ఒక టొమాటో సూప్ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది.
"మళ్లీ ఇలా రాకండి" అంది.
కోపంగా కాదు,
మెట్లు జారతాయి చూసుకోండి అన్నట్టు.

నాయకత్వం మీద మాకు లావుపాటి ఫైలుంది.
ఇలాంటిదానికి అందులో పేజీ లేదు.
సోమవారం ఆన్సెల్ లేచి "తప్పు నాది" అన్నాడు.
ఇంకేం చేర్చలేదు.
తొలి మంచు పడ్డ పొద్దున
పాత స్వెట్టర్ వేసుకుని, ఒక్కడే,
పచ్చ తలుపు ముందు పారతో ఎత్తిపోశాడట.
తట్టకుండానే వచ్చేశాడు.

పుస్తకంలో తీర్మానం:
ఇకపై సేకరణకు యూనిఫాం వద్దు.
ఏకగ్రీవం.

దాని కింద ఇంకో మాట రాసి కొట్టేశాను.
కొట్టేసినా కనబడుతూనే ఉంది.
మాలో ఎవరికో ఒకరికి ఏదో ఒక రోజు
నిజంగానే అలా తట్టాల్సిన పని పడుతుంది,
అప్పటికి ఆ బంగాళాదుంప గుర్తుండాలి, అని.