ఈ చలికాలం చదివినవి

మా దాల్కావె రేవులో జూలై అంతా వానే.
పుస్తకాల పడవ పదిహేను రోజులకోసారి వచ్చి కూత వేస్తుంది.
గొడుగు పుస్తకాలకి పట్టి
నేను తడుస్తూ ఇంటికొస్తాను.

మొదటిది నాచుల గురించి.
నాచుకి వేళ్లుండవట.
పట్టుకుంటుంది గానీ పాతుకోదట.
నలభై ఏళ్లు కార్ఖానాలో ఆల్చిప్పలు ఒలిచినదాన్ని,
పట్టుకోవడమంటే ఏమిటో నాకొకరు చెప్పాలా అనుకున్నాను.
అయినా మర్నాడు పొద్దున్నే
ఇంటి కింద నీళ్లలో నిలబడ్డ గుంజల దగ్గరికి దిగి
ఆ పచ్చదనాన్ని వేలితో తాకాను.
ఇన్నేళ్లూ గీకి పారేసినందుకు
క్షమాపణేమీ అడగలేదు.
గీకుడు కత్తి మాత్రం
ఎక్కడ పెట్టానో మర్చిపోయాను.

తర్వాత ఒక ప్రేమ నవల. ఆరువందల పేజీలు.
అంత పొడుగునా ఒక్కరంటే ఒక్కరు
ఒక్క పళ్లెం కడిగిన పాపాన పోలేదు.
వర్షం కూడా వాళ్లకి అవసరమైనప్పుడే కురిసింది.
నూట తొంభయ్యో పేజీలో ఒక ముద్దుంది.
అది చదువుతుంటే పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.
కాబట్టి చెడ్డ పుస్తకమని అనలేను.

భూకంపం మీద రాసినది బరువైన పుస్తకం,
పటాలు, గీతలు, అంకెలు.
అరవయ్యో సంవత్సరం మే నెల, మధ్యాహ్నం,
సముద్రం ఎంత వెనక్కి వెళ్లిందో లెక్క రాశారు.
నాకప్పుడు ఏడేళ్లు.
బయటపడ్డ అడుగున గిలగిల్లాడే చేపల కోసం
పరుగెత్తబోతే
మా అమ్మ నా జడ పట్టుకుని కొండెక్కించింది.
పుస్తకమంతా వెతికాను.
అలల ఎత్తుంది, వేగముంది,
ఆ జడ లాగిన నొప్పి లేదు.
మార్జిన్‌లో పెన్సిల్‌తో రాద్దామనుకున్నాను.
గ్రంథాలయం పుస్తకం కదా, మానేశాను.

కవిత్వం ఒకటి, అరచేతిలో పట్టేంత.
ఎడారి వైపు కుర్రాడెవరో రాశాడు.
నిజం చెప్పాలంటే
ముప్పావు వంతు నా తలకెక్కలేదు.
ఒక్క మాట మాత్రం,
'ఉప్పుకి తన దాహం గుర్తుండదు' అన్నది,
పంటి సందున చేపముల్లులా ఇరుక్కుంది.
మూడు వారాలైంది.
నాలుక ఇంకా అక్కడికే పోతోంది.

ఇక ఆ హత్య పుస్తకం.
తాళం వేసిన గది, చచ్చిపోయిన నోటరీ,
పియానో మీద ఒక తడి గ్లవ్వు.
రెండు రాత్రులు కట్టెలు మండించి చదివాను.
చివరి ఆకు లేదు.
కథ కంచికి చేరకుండా నడిదారిలో నన్ను దింపేసింది.

రొట్టెల ఒతీలియాని అడిగాను.
చెల్లెలే చంపిందంది, పిండి చేతులతో ఒట్టు పెట్టి.
పడవ మీద పుస్తకాలిచ్చే యోవాన్నాకి
ఎవరు చంపారో గుర్తులేదు,
తను ఏడ్చిందని మాత్రం గుర్తుంది.
బల్లకట్టు నడిపే రొసమెల్ గొంతు తగ్గించి చెప్పాడు,
ఎవరూ చంపలేదు,
నోటరీ తన చావుకి తనే సాక్షి సంతకం పెట్టుకుని
తాళం చెవి మింగేశాడని.
ఒళ్లు జలదరించింది.
'ఆ ఆకులో అలా ఉందా?'
అతను టోపీ తీసి నీళ్లు దులిపాడు.
'ఏముందో నాకేం తెలుసు, ఎడెల్మీరా!
ఆ రోజు కట్టెలన్నీ తడి.
ఇంట్లో పొడిగా ఉన్నది ఆ కాగితమొక్కటే.
చదవకుండానే అంటించాను.
మంట అందుకునేలోపు ఇది అల్లుకున్నాను.'

తిట్టాను. గట్టిగానే తిట్టాను.
ఇంటికొచ్చాక
తాళం చెవి గొంతు దిగే చప్పుడు
రాత్రంతా వింటూ పడుకున్నాను.

నిన్న పుస్తకాలన్నీ తిరిగిచ్చేశాను.
రొసమెల్ సంగతి చెబితే యోవాన్నా పకపకా నవ్వింది.
రిజిస్టరు తెరిచి
'చివరి ఆకు లేదు' అని రాసింది.
కాసేపు వాన వైపు చూసి
కొట్టేసింది.